భూదృశ్య నిర్మాణంలో పీజీ పరిశోధన: మూడు జిల్లాలు, మూడు ప్రశ్నలు

భూదృశ్య నిర్మాణం (ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్) అనగానే పచ్చిక బయళ్లు, పూలబాటలు గుర్తుకు వస్తాయి. నిజానికి ఇది నేల, నీరు, మొక్క, మనిషి అవసరం అనే నాలుగింటినీ సమన్వయపరచి స్థలాన్ని తీర్చిదిద్దే శాస్త్రం. ఉద్యాన విశ్వవిద్యాలయాలలో పూలసాగుతో కలిపి ఎమ్మెస్సీ స్థాయిలోను, విజయవాడ, ఢిల్లీలలోని ప్లానింగ్, ఆర్కిటెక్చర్ విద్యాసంస్థలలో ఆర్కిటెక్చర్ పీజీగాను దీనిని బోధిస్తున్నారు.

ఎమ్మెస్సీ గడువు 2 సంవత్సరాలు. తరగతులు పోగా క్షేత్ర ప్రయోగానికి మిగిలేది దాదాపు ఒక వానాకాలం, ఒక వేసవి. చెట్టు నీడనివ్వడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అందువల్ల ఆ వ్యవధిలో కొలవగలిగిన ప్రశ్ననే ఎన్నుకోవాలి. 2016లో పాత వరంగల్ జిల్లా నుండి ఏర్పడిన జిల్లాలలో మూడు అటువంటి ప్రశ్నలను సూచిస్తున్నాయి.

జనగామ: ఎర్ర చల్కా నేలలు గల మెట్ట ప్రాంతమిది. రహదారుల వెంట నాటిన వేప, కానుగ, రేల మొక్కలలో, నీరు పోయడం ఆపిన తరువాత తొలి వేసవిని తట్టుకునేది ఏది? ర్యాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో నాటి, నెలనెలా బతికిన మొక్కల శాతం, కాండం చుట్టుకొలత నమోదు చేయవచ్చు.

మహబూబాబాద్: బయ్యారం చెరువును కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ నిర్మింపజేసినట్లు అక్కడి శాసనం తెలుపుతోంది. ఇటువంటి మట్టికట్టలపై పెద్ద చెట్లు పెంచితే, అవి చనిపోయి వేర్లు కుళ్లినప్పుడు ఆ దారిన నీరు ఊరే ప్రమాదముంది. కట్ట వాలుపై గరిక, వట్టివేరు వంటి గడ్డిజాతులు మట్టి కోతను ఎంతవరకు ఆపగలవన్నది పరిశీలించదగిన అంశం.

భూపాలపల్లి: సింగరేణి ఉపరితల గనుల మట్టిదిబ్బలలో సేంద్రియ పదార్థం తక్కువ, తేమ నిలవదు. చెరువు పూడికమట్టి కలిపిన గుంతలలోను, కలపని గుంతలలోను ఒకే జాతి మొక్కలను నాటి పోల్చి చూడవచ్చు.

మూడింటిలోనూ నాటిన మొక్కల లెక్క కంటే బతికిన మొక్కల లెక్కే ప్రధానం. ఎండిన మొక్కను వెంటనే మార్చి కొత్తది నాటితే ఫలితం తప్పుదారి పడుతుంది. అది ఎండిన తేదీని, కారణాన్ని రాసి ఉంచాలి. ప్రయోగ స్థలం పటాన్ని, మొక్కల సంఖ్యాపట్టికను విభాగంలో భద్రపరిస్తే, తరువాతి విద్యార్థి అదే స్థలంలో పరిశోధన కొనసాగించగలడు. రెండేళ్ల సిద్ధాంత వ్యాసానికి చెట్టు ఆయుష్షును అందుకునే మార్గం ఇదే.