అలవాటు పడ్డ చెయ్యి

దీపం లేకుండా వంటింట్లోకి వెళ్ళి అగ్గిపెట్టె తీసుకురాగల అమ్మమ్మను మీరు చూసే ఉంటారు. పొయ్యి పక్కన గూడు, గూట్లో ఎడమ వైపు ఉప్పు జాడీ, జాడీ వెనుక అగ్గిపెట్టె. ఆమె వెతకదు. చెయ్యే వెళ్ళి అందుకుంటుంది. ఆమె పొరుగూరు వెళ్ళివచ్చేలోగా ఎవరో వంటిల్లంతా సర్దిపెట్టారనుకోండి. డబ్బాలన్నీ కొత్తవి, ఒకే ఎత్తున వరుసగా ఉన్నాయి. చూడడానికి ముచ్చటగానే ఉంది. కాని నూనెలో వేసిన ఆవాలు మాడిపోయినా జీలకర్ర మాత్రం దొరకలేదు. "ఎవరు సర్దమన్నారమ్మా మిమ్మల్ని?" అని ఆమె విసుక్కుంటుంది. ఆ విసుగులో న్యాయం ఉందా? ఈ పాఠంలో ఆలోచించవలసిన విషయం అదే. అయితే వంటిల్లు కాదు, కంప్యూటరు తెర మీది బ్రౌజరు.

ఇంటర్నెట్టులోని పుటలను తెచ్చి మన ముందు పరిచే సాధనాన్ని బ్రౌజరు అంటారు. ఫైర్‌ఫాక్సు అనే బ్రౌజరు మొదటి పూర్తి రూపం 2004 నవంబరు 9న వెలువడింది. క్రోము 2008 సెప్టెంబరులో వచ్చింది. ఆ రోజుల్లో ఒకసారి తెచ్చి పెట్టుకున్న బ్రౌజరు చాలాకాలం అదే ముఖంతో ఉండేది. 2011 నుండి ఫైర్‌ఫాక్సు సుమారు ఆరు వారాలకొక కొత్త సంచిక ఇవ్వసాగింది. 2020 నుండి అది నాలుగు వారాలకే వస్తున్నది. వీటిలో ఎక్కువ భాగం మార్పులు లోపలివి. గడియారం లోపలి చక్రాలకు నూనె వేసినట్టు, బయటికి ఏమీ తెలియదు. ఎప్పుడో ఒకసారి మాత్రం గడియారం ముఖమే మారుతుంది.

అటువంటి మార్పు ఒకటి 2014 ఏప్రిల్ 29న ఫైర్‌ఫాక్సు 29వ సంచికతో వచ్చింది. అది ఒక ఇంట్లోకి ఎలా వచ్చి ఉంటుందో ఊహిద్దాం.

షోలాపురంలో ఒక తాతగారు ఉన్నారనుకోండి. మగ్గాల పనికోసం ఆయన తాతలు తెలంగాణం నుండి వలస వచ్చారు. వీధిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. ఆ పేటలో తెలుగు దినపత్రిక పొద్దున్నే చేతికి రాదు. అందుకని మనవరాలు ఆయనకు కంప్యూటరులో పత్రిక చదవడం నేర్పింది. తెర మీద ఎడమ వైపు పై మూలన నారింజరంగు మీట. దాన్ని నొక్కితే జాబితా. జాబితాలో బుక్‌మార్కులు. పుస్తకంలో చదువుతున్న చోట నెమలీక పెట్టుకుంటాం కదా, బుక్‌మార్కంటే అదే. అక్కడ నాలుగు తెలుగు పత్రికల పేర్లు. ఇంతవరకు నేర్చుకోవడానికి ఆయనకు నెల రోజులు పట్టింది. తరువాత రెండేళ్ళపాటు రోజూ టీ తాగుతూ పత్రిక చదివారు.

ఒకనాటి ఉదయం ఎడమ మూల ఖాళీగా ఉంది.

"బిడ్డా, నిన్నటి నారింజ మీట ఇయ్యాల ఏది?"

"అది తీసేసిండ్రు తాతా. ఇప్పుడు కుడి దిక్కు మూడు గీతలున్నయి చూడు."

ఆయన మూడు గీతలు నొక్కారు. బొమ్మలతో ఒక పలక తెరుచుకుంది. అందులో ముద్రణ ఉంది, చరిత్ర ఉంది, కొత్త కిటికీ ఉంది. బుక్‌మార్కులు లేవు! అవి ఆ జాబితాను విడిచి, చిరునామా గడి అవతల ఒక నక్షత్రం పక్కకు చేరాయి. అంతకు ముందు ఆ నక్షత్రం చిరునామా గడిలోనే ఉండేది. ట్యాబుల అంచులు గుండ్రమయ్యాయి. ట్యాబులను చిరునామా గడి కింద పెట్టుకునే వీలు పోయింది. తెర అడుగున చిన్న మీటలుండే పట్టీ కూడా పోయింది. తాతగారు కంప్యూటరు కట్టేసి, "నాకు చేతగాదులే" అన్నారు.

ఈ మాట దగ్గర మనం ఆగాలి. నిన్నటిదాకా చేతనయిన మనిషికి రాత్రికి రాత్రి చేతకాకుండా ఎలా పోతుంది? ఆయన ఏదీ మరచిపోలేదు. నిజానికి బాగా గుర్తుండడమే చిక్కు అయింది. పాల్ ఫిట్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చెయ్యి ఒక గురిని చేరడానికి పట్టే కాలాన్ని గురించి 1954లో ఒక సూత్రం ప్రకటించాడు. గురి ఎంత దూరంలో ఉంది, ఎంత పెద్దదిగా ఉంది అన్న రెండింటి మీద ఆ కాలం ఆధారపడుతుంది. కాని ఆ లెక్క గురి ఎక్కడుందో తెలిసిన చేతికి. తెలియనప్పుడు కన్ను ముందు వెతకాలి, మనసు చదవాలి, ఆ తరువాతనే చెయ్యి కదలాలి. పైగా పాత చోటికి పరుగెత్తే చేతిని ప్రతిసారీ వెనక్కు లాగాలి. కొత్తగా నేర్చుకునేవాడికి ఈ చివరి బాధ లేదు. అందువల్లనే మొదటిసారి బ్రౌజరు తెరిచిన పిల్లవాడు "బాగానే ఉందే!" అంటాడు, పదేళ్ళుగా వాడుతున్నవాడు కోప్పడతాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

మరి తయారుచేసేవారు ఎందుకు మారుస్తారు? వారి వాదన కూడా వినాలి. బ్రౌజరు హంగులు తగ్గితే పుటకు ఎక్కువ చోటు దొరుకుతుంది. టెలిఫోను మీద, కంప్యూటరు మీద ఒకే పోలిక ఉంటే ఒక చోట నేర్చినది మరొక చోట పనికివస్తుంది. ఏ మీటను ఎందరు నొక్కుతున్నారో లెక్కలు కూడా వారి వద్ద ఉంటాయి. అరుదుగా నొక్కేవాటిని పక్కకు నెడతారు. ఈ లెక్కల్లో ఒక లోపం ఉందని నా అభిప్రాయం. తన వాడకం వివరాలు పంపవద్దని ఆపుకొన్నవారు అందులోకి రారు. నూటికి ఇద్దరే నొక్కే మీట ఆ ఇద్దరికీ రోజంతా కావలసినదై ఉండవచ్చు. ఇంకొక తమాషా ఏమిటంటే, అందరూ కొత్తదని విసుక్కున్న ఆ మూడు గీతల గుర్తు నిజానికి పాతదే. 1981లో వచ్చిన జిరాక్సు స్టార్ అనే కంప్యూటరు కోసం నార్మ్ కాక్స్ అనే చిత్రకారుడు దాన్ని గీశాడు.

కొత్త రూపం నచ్చనివారికి మొదట తోచే ఉపాయం ఒకటే: పాత సంచికనే అట్టిపెట్టుకోవడం. ఇది ప్రమాదకరం. బ్రౌజరు లోపలి లొసుగులను సవరించిన తరువాత, ఏ లొసుగును సవరించారో తయారీదారులు ప్రకటిస్తారు. అది వారి బాధ్యత. అయితే ఆ ప్రకటనతో పాత సంచికకు కన్నం ఎక్కడుందో ఊరంతటికీ చాటినట్టవుతుంది. దొంగ కూడా వింటాడు. బ్యాంకు లెక్కలు, పరీక్షల దరఖాస్తులు అన్నీ బ్రౌజరులోనే నడిచే ఈ కాలంలో కన్నం పడ్డ గోడ పక్కన పడుకోవడం తెలివైన పని కాదు. చిక్కల్లా రక్షణ, రూపం రెండూ ఒకే మూటలో రావడం. మందు కావాలంటే సీసా కూడా మార్చుకోవలసిందే. దీనికి కొంత వెసులుబాటు లేకపోలేదు. కార్యాలయాలూ పాఠశాలల కోసమని 2012 నుండి ఫైర్‌ఫాక్సు ఒక ప్రత్యేక సంచికను ఇస్తున్నది. అందులో రక్షణ సవరణలు ఎప్పటికప్పుడు వస్తాయి. రూపం మాత్రం సుమారు ఏడాదికొకసారి మారుతుంది. దెబ్బ తప్పదు, కాని సిద్ధపడడానికి వ్యవధి దొరుకుతుంది.

రెండవ ఉపాయం పాత ముఖాన్ని తిరిగి తగిలించడం. 2014లో చాలామంది క్లాసిక్ థీమ్ రిస్టోరర్ అనే జోడింపును పెట్టుకొని, లోపల కొత్త బ్రౌజరు, పైన పాత రూపంతో హాయిగా పనిచేసుకున్నారు. ఆ హాయి మూడున్నరేళ్ళు నిలిచింది. 2017 నవంబరు 14న వచ్చిన 57వ సంచిక పాత పద్ధతి జోడింపులన్నింటినీ తోసిపుచ్చింది. ఆ జోడింపులు బ్రౌజరు పేగుల దాకా చెయ్యి పెట్టగలిగేవి. అందువల్ల వేగానికీ భద్రతకూ అవి అడ్డమని తయారీదారులు చెప్పారు. కారణం సరైనదే కావచ్చు. కాని మొదటిసారే కొత్త రూపానికి అలవాటు పడినవారు ఒక్కసారి కష్టపడితే, పాత రూపాన్ని పట్టుకొని ఉన్నవారికి రెండు మార్పుల కష్టం ఒకే రోజున వచ్చిపడింది.

షోలాపురపు మనవరాలు ఈ రెండు దారులూ తొక్కలేదు. కట్టేసిన కంప్యూటరును మళ్ళీ తెరిచి, ట్యాబుల పక్కన ఖాళీగా ఉన్న చోట ఎలుక కుడి మీట నొక్కి, మెనూ పట్టీని చూపించమన్నది. ఫైలు మొదలుకొని సహాయం వరకు పేర్లున్న పాతకాలపు వరుస పైన వచ్చి నిలిచింది. అందులో బుక్‌మార్కులు ఉన్నాయి. ఎవరో బయటివారు తెచ్చి తగిలించినది కాదది. బ్రౌజరులోనే దాగి ఉన్నది. పట్టీ వద్దనుకున్నా, విండోస్‌లో ఆల్ట్ మీట నొక్కితే అది కాసేపు కనబడుతుంది. పట్టీ పెట్టిన తరువాత ఆమె రోజుకొక్క సంగతే చెప్పింది. మొదటి రోజు నక్షత్రం. రెండో రోజు కంట్రోలుతో 'ఎఫ్' నొక్కితే పుటలో మాట వెతకడం. మూడో రోజు కంట్రోలుతో 'టి' నొక్కితే కొత్త ట్యాబు. బొమ్మలు చోట్లు మారినా ఈ మీటల జంటలు మారలేదు. 2011లో ఎలా పనిచేశాయో తరువాతా అలాగే పనిచేశాయి. కంటికి కనబడే వస్తువులే తరచుగా చోటు మారుతుంటాయి గనుక, చేతికి తెలిసినదాన్ని గట్టిగా పట్టుకోవాలని ఆ పిల్లకు ఎవరు చెప్పారో!

కదలకుండా ఉంచడంలో ఎంత మేలుందో మన భాషల మీటల పలకే చెబుతుంది. భారత ప్రభుత్వం ప్రమాణంగా స్వీకరించిన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో ఇంగ్లీషు 'కె' ఉన్న మీటను నొక్కితే తెలుగులో 'క' వస్తుంది. కన్నడంలో, ఒడియాలో, మరాఠీలో కూడా అదే మీటకు 'క'యే. బళ్ళారిలో కన్నడం కొట్టడం నేర్చిన విద్యార్థి వేళ్ళకు తెలుగు కొట్టడం సగం వచ్చినట్టే. లిపి మారింది, చోటు మారలేదు.

తెలుగు వాడేవారికి ఇంకొక ఇబ్బంది ఉంది. ఫైర్‌ఫాక్సు తెలుగులో కూడా దొరుకుతుంది. ఆ తెలుగు మాటలు చాలావరకు స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చినవి. రూపం మారినప్పుడల్లా కొత్త మీటలకు కొత్త పేర్లు వస్తాయి. వాటికి తెలుగు సమకూడేవరకు ఆ చోట ఇంగ్లీషు మాటే కనబడుతుంది. బియ్యంలో రాయి తగిలినట్టు, చక్కని తెలుగు జాబితా మధ్యలో ఒక పరాయి మాట. దాన్ని చూసి విసుక్కోవచ్చు. ఆ మాటకు తెలుగు సూచించి పంపనూ వచ్చు.

ఫిర్యాదు చేస్తే ఫలితం ఉంటుందా? ఒక్కొక్కసారి ఉంటుంది. 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8 లో స్టార్ట్ మీటను తీసేశారు. వాడేవారు ఊరుకోలేదు. ఏడాది తిరిగేసరికి మీట వచ్చింది. 2015లో విండోస్ 10 తో జాబితా కూడా వచ్చింది. కొన్నిటికి ఇంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ట్యాబులను గుంపులుగా కట్టుకునే వీలును ఫైర్‌ఫాక్సు 2016లో తొలగించింది. 2025లో అదే వీలు వేరే రూపంలో తిరిగివచ్చింది. అయితే "మీ బ్రౌజరు పాడైపోయింది" అని రాసేవారి ఉత్తరం ఎవరికీ ఉపయోగపడదు. "బుక్‌మార్కులను తెరవడానికి నిన్న రెండు నొక్కులు పట్టేవి, నేడు దారే తెలియలేదు, నేను డెబ్బయ్యేళ్ళవాణ్ణి" అని రాస్తే, చదివేవాడు పెడచెవిన పెట్టడం కష్టం.

2017లో ఫైర్‌ఫాక్సు మళ్ళీ ముఖం మార్చుకుంది. గుండ్రని ట్యాబులు పలకల్లా నలుచదరమయ్యాయి. 2014లో బయటికి పోయిన నక్షత్రం తిరిగి చిరునామా గడిలోకే వచ్చి కూర్చుంది. ఆ ఉదయం మనవరాలు వంటింట్లోంచి చెవి ఒగ్గి ఉంది, పిలుపు వస్తుందని. రాలేదు. పైన పేర్ల వరుస ఉన్న చోటనే ఉంది. తాతగారు పత్రిక మొదటి పుట ముగించి, రెండో పుటకు పోయాక కళ్ళద్దాలు సవరించుకొని అడిగారు.

"బిడ్డా, ఇయ్యాల ఇండ్ల ఏమన్న మారిందా?"

ప్రశ్నలు - అభ్యాసాలు

1. కొత్త రూపాన్ని చూసి పిల్లవాడు మెచ్చుకోవడం, పాత వాడుకరి కోప్పడడం రెండూ నిజమేనని రచయిత ఎందుకన్నారు?
2. పాత సంచికను అట్టిపెట్టుకోవడం ఎందుకు ప్రమాదకరమో పాఠంలోని పోలికతో వివరించండి.
3. తాతగారి తరఫున బ్రౌజరు తయారీదారులకు పది వాక్యాల లేఖ రాయండి. నిందించకుండా ఇబ్బందిని మాత్రమే తెలపండి.
4. మీ ఇంట్లో పెద్దలు ఏ వస్తువు చోటు మారితే ఇబ్బంది పడతారో అడిగి తెలుసుకోండి. ఆ వస్తువును మీ ఇంటి తెలుగులో ఏమంటారు? మీ ఊరి భాషలో ఏమంటారు?
5. విడదీసి సంధి పేరు రాయండి: బుక్‌మార్కంటే, సర్దిపెట్టారనుకోండి, ఏమిటంటే.
6. సొంత వాక్యాలలో ప్రయోగించండి: పెడచెవిన పెట్టు, చెవి ఒగ్గు, తోసిపుచ్చు.