మొదటిసారి ఫేషియల్‌కు వెళ్ళేముందు

పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే ముఖం కందిపోయి మా ఓ.పి.కి వచ్చే ఆడపిల్లలు కనబడుతుంటారు. ఒకసారి ఇంకో రెండు రోజుల్లో పెళ్ళి అనగా ఒక తల్లి తన కూతురిని తీసుకొచ్చింది. ఆ అమ్మాయి ముందురోజే పార్లర్‌లో మొదటి ఫేషియల్ చేయించుకున్నది. ముఖమంతా వాపు, మంట. మేము నెమ్మదిగా అడిగితే, రంగు తేలడానికని ఒక క్రీము ఆరు నెలలుగా రాస్తున్నట్లు చెప్పింది. అది స్టీరాయిడ్ పూతమందు. చర్మం అప్పటికే పలుచబడిపోయింది. ఆవిరి, రుద్దడం తట్టుకోలేకపోయింది.

ఫేషియల్ అంటే ముఖం శుభ్రం చేసి, ఆవిరి పట్టి, మృతకణాలను రుద్ది తీసి, మర్దన చేసి, ప్యాక్ వేయడం. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి దీనివల్ల సాధారణంగా హాని ఉండదు. అయితే ముందుగా కొన్ని జాగ్రత్తలు అవసరం.

1. శుభకార్యానికి కనీసం నెల ముందే మొదటి ఫేషియల్ చేయించుకోండి. చర్మం పైపొర మారడానికి సుమారు 4 వారాలు పడుతుంది. ఏదైనా పడకపోతే తగ్గడానికి వ్యవధి ఉంటుంది.

2. వాడే క్రీములన్నీ డాక్టరుకు చూపించండి. ట్యూబు మీద బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అనే పేర్లుంటే అది స్టీరాయిడ్. చాలాకాలం వాడినదాన్ని ఒక్కసారిగా మానినా ముఖం మండుతుంది. కాబట్టి డాక్టరు సలహాతోనే మానాలి.

3. మొటిమలకు ట్రెటినాయిన్, అడపలీన్ రాసేవారు వారం ముందు ఆపాలా అని డాక్టరును అడగండి. ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడేవారు డాక్టరు ఒప్పుకున్నాకే వెళ్ళాలి.

4. బ్లీచింగ్, వ్యాక్సింగ్, త్రెడ్డింగ్ మూడు రోజుల ముందు నుండి వద్దు. సున్నిపిండి, నిమ్మరసం పెట్టి గట్టిగా రుద్దవద్దు.

5. కొత్త క్రీమును ముందుగా మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, 48 గంటలు చూడండి. దురద, దద్దుర్లు వస్తే వద్దనండి.

6. పెదవి పక్కన నీటిపొక్కులు, చీముమొటిమలు, ఎండకు కమిలిన చర్మం ఉంటే తగ్గేదాకా వాయిదా వేయండి. గర్భిణీలు, మధుమేహం ఉన్నవారు, అలర్జీలున్నవారు ఆ సంగతి పార్లర్‌లో ముందే చెప్పాలి.

పార్లర్‌లో చేతులు కడుక్కున్నారా, తువ్వాలు ఉతికినదేనా చూడండి. నల్లమచ్చలు గుచ్చి తీస్తామంటే, సూది కొత్తదేనా అని అడగడానికి మొహమాటపడవద్దు. ఒకరి రక్తం అంటిన సూదివల్ల హెపటైటిస్ బి, సి వంటివి మరొకరికి సోకవచ్చు. మంట పుడితే "ఓర్చుకోండి" అన్నా ఓర్చుకోకండి. వెంటనే కడిగించుకోండి.

తరువాత రెండు మూడు రోజులు స్క్రబ్, ఆవిరి, ఎండ వద్దు. బయటికి వెళ్ళేటప్పుడు ఎస్.పి.ఎఫ్. 30 సన్‌స్క్రీన్ రాసుకోండి. కొద్దిపాటి ఎరుపు ఒకరోజులో తగ్గుతుంది. వాపు, పొక్కులు, చీము కనబడితే ఇంటి చిట్కాలు చేయక ఆసుపత్రికి రండి.

ఆ అమ్మాయి పెళ్ళిపీటల మీద వాపు పూర్తిగా తగ్గకుండానే కూర్చున్నది. చర్మం కోలుకోవడానికి నెలలు పట్టింది. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, "నా చెల్లెలికి ఆ క్రీము ఇవ్వలేదు సిస్టర్" అని చెప్పింది. తల్లులారా, మీ ఇంట్లో ఆడపిల్ల ముఖానికి ఏం రాసుకుంటుందో ఈ రోజే ఒకసారి అడిగి చూడండి.