ఋతుకాలమున యోగాభ్యాసము: సూతకము వేరు, శ్రమ వేరు

వీరశైవ ధర్మము సూతకములను అంగీకరింపదు. జాతి, జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్టములను పేరిట లోకము పాటించు ఐదు సూతకములును లింగధారికి లేవు. లింగార్చనయందు నిరతురాలైన స్త్రీకి ఋతుకాలమున గాని, ప్రసవకాలమున గాని సూతకము అంటదని సిద్ధాంత శిఖామణి చెప్పుచున్నది. ఇష్టలింగము దేహమును వీడి యుండరాదు; వీడని లింగము గల దేహమునకు మైల యెట్లు కలుగును? దేహమే దేవాలయమని 12వ శతాబ్దమున బసవేశ్వరుడు బోధించినది ఈ యర్థముననే.

శాస్త్రమిట్లుండగా, ఇండ్లలోని ఆచారము పలుచోట్ల వేరుగా నున్నది. ఇరుగుపొరుగు వారి అలవాట్లను చూచి, లింగధారణ గల కుటుంబములలో సైతము ఆడపిల్లలను ఆ దినములలో కడగా కూర్చుండబెట్టుచున్నారు. పూజాగృహమున అడుగిడరాదందురు, ఇష్టలింగ పూజ మానుమందురు. నెలకు 5 దినముల చొప్పున సంవత్సరమునకు 60 దినములు పూజ లేకపోవును. 12వ యేట రజస్వలయైన బాలికకు 50వ యేటి వరకు లెక్కించినచో అది 6 సంవత్సరములకు పైబడిన కాలము. దీక్ష నొసగినపుడు గురువు నిత్యార్చన చేయుమనెనే గాని, జీవితమున ఆరేండ్లు విడిచిపెట్టుమనలేదు.

పూజతోపాటు యోగాసనములను అభ్యసించు బాలికలును, గృహిణులును నేడు అనేకులు కలరు. ఆ దినములలో ఆసనములు వేయవచ్చునా యని వారడుగుచుందురు. పెద్దల నుండి వచ్చు సమాధానములు రెండు విధములు. మైల గనుక ఏదియు తాకవలదని కొందరు, మనకు సూతకము లేదు గనుక అన్నియు యథాప్రకారము చేయవలెనని మరికొందరు చెప్పుదురు. మొదటిది ధర్మమునకు విరుద్ధము. రెండవది ధర్మాభిమానముతో పలికినదే యైనను దేహమును గమనింపని మాట. సూతకము లేదనినంత మాత్రమున శ్రమ లేదని యర్థము కాదు.

దేహమున జరుగునదేమి? గర్భాశయపు లోపొర విడివడి రక్తముతో వెలువడును. దానిని వెలుపలికి పంపుటకై గర్భాశయపు కండరములు ముడుచుకొనును. ప్రోస్టాగ్లాండినులను పదార్థములు ఈ ముడుచుకొనుటకు కారణములు. అవి అధికమైనచో పొత్తికడుపు నొప్పి, నడుము నొప్పి, ఒక్కొక్కప్పుడు వాంతులు, విరేచనములు కలుగును. సాధారణముగా ఒక ఋతువున వెలువడు రక్తము 30 నుండి 40 మిల్లీలీటర్లు మాత్రమే. ఇందు అపవిత్రమైనది ఏదియు లేదు, చెడురక్తమనునదియు లేదు. శిశువు కొరకు సిద్ధపరచిన పానుపును దేహము తీసివేయుచున్నది, అంతియే.

యోగశాస్త్రము ఈ క్రియను అపాన వాయువు పనిగా చెప్పును. మలమూత్రములను, రజస్సును, ప్రసవమును క్రిందివైపునకు నడుపునది అపానము. కావున అపానమును పైకి లాగు మూలబంధము, ఉడ్డియాన బంధము, నౌలి వంటివి ఆ దినములలో వలదని సంప్రదాయము. కడుపును వేగముగా కదలించు కపాలభాతి, భస్త్రికలును మానదగినవే. మయూరాసనము, నావాసనము, నడుమును మిక్కిలి వెనుకకు వంచు ఆసనములు, కడుపును నొక్కు మెలికలు కూడ కొన్నాళ్ళు ఆగవచ్చును. సూర్యనమస్కారములు నిత్యము 12 చేయువారు నొప్పి లేనిచో మూడో నాలుగో నెమ్మదిగా చేసి చాలించుకొనవచ్చును.

శీర్షాసన, సర్వాంగాసనముల విషయము కొంత వివరముగా చూడదగినది. తలక్రిందులుగా నిలిచినచో రక్తము వెనుకకు మరలి వ్యాధి కలుగునని చాల కాలముగా చెప్పుకొనుచున్నారు. కాని కొంత రక్తము అండవాహికల గుండా వెనుకకు పోవుట, ఏ ఆసనమును వేయని స్త్రీలలో సైతము, సాధారణముగా జరుగునదేనని వైద్యులు కనుగొనిరి. భూమ్యాకర్షణ తెలియని అంతరిక్ష నౌకలలో నివసించిన స్త్రీలకును ఋతుస్రావము మామూలుగానే జరిగినది. కనుక తెలియక ఒకసారి శీర్షాసనము వేసిన బాలికను భయపెట్టుట తగదు. అయినను ఆ దినములలో ఈ ఆసనములను మానుట మంచిదే. నీరసముగా నున్న దేహమును తలపై నిలుపుట వలన వచ్చు లాభము స్వల్పము, పడిపోవు అవకాశము అధికము. మానుటకు ఇంత కారణము చాలును, లేని భయమును కల్పింప నక్కరలేదు.

గొప్ప గురువులలోనే ఇందు ఏకాభిప్రాయము లేదు. మైసూరున నేర్పిన పట్టాభి జోయిస్ సంప్రదాయమున మొదటి మూడు దినములు ఆసనములకు పూర్తి విరామము. బి.కె.యస్. అయ్యంగార్ సంప్రదాయమున విరామము కాదు, మార్పు చేయుదురు. ఇరువురును తిరుమలై కృష్ణమాచార్యుల శిష్యులే. అయ్యంగార్ కుమార్తె గీతా అయ్యంగార్ స్త్రీల యోగాభ్యాసముపై వ్రాసిన ఆంగ్ల గ్రంథము 1983లో వెలువడినది. ఆ దినములకు తగిన ఆసనక్రమమును విడిగా ఏర్పరచుటలో ఆమె కృషి విశేషమైనది.

ఆ మార్గమున ముఖ్యమైనది సుప్త బద్ధకోణాసనము. మడతపెట్టిన కంబళినో, పొడవైన దిండునో వెన్నెముకకు ఆధారముగా నుంచి, తల కొంచెము ఎత్తుగా నుండునట్లు వెల్లకిల పరుండవలెను. అరికాళ్ళు రెండును కలిపి మోకాళ్ళను ప్రక్కలకు వాల్చి, వాని క్రిందను దిండ్లు పెట్టవలెను. కడుపు బిగింపక, శ్వాసను తనంత తాను నడువనిచ్చి 5 నుండి 10 నిమిషము లుండవచ్చును. తొడలు లాగినట్లున్నచో దిండ్లు చాలలేదని గ్రహింపవలెను. కూర్చుండగలిగినవారు గోడకు చేరబడి బద్ధకోణాసనమును, ఉపవిష్ట కోణాసనమును వేయవచ్చును. జాను శీర్షాసనమున తలను మోకాలికి తాకింప యత్నింపక, ముందు ఎత్తుపీట నుంచి దానిపై నుదురు ఆనించిన చాలును. నడుము నొప్పికి మార్జాలాసనము కొందరికి హితము. కుంభకము లేని నాడీశోధనము, భ్రామరి, తుదకు శవాసనము. ఆసనము స్థిరముగను సుఖముగను ఉండవలెనని పతంజలి పెట్టిన నియమమునకు ఈ దినములలో సుఖమను భాగమే ముందు నిలుచును. నొప్పి తీవ్రమైన నాడు ఇవియు వలదు. వేడినీటి సంచి, నిద్ర చాలును.

ఇష్టలింగ పూజ సంగతి వేరు. అది ఆసనాభ్యాసము కాదు గనుక మానుట యనునది లేదు. స్నానము చేసి, విభూతి ధరించి, ఎడమ అరచేతిలో లింగము నుంచుకొని దృష్టి నిలుపుటకు పద్మాసనమే కావలెనను నిర్బంధము లేదు. కాళ్ళు చాపి గోడకు ఆనుకొనియు, కుర్చీపై కూర్చుండియు చేయవచ్చును. నడుము నొప్పితో పద్మాసనము వేసి పండ్లు బిగించి కూర్చున్నచో దృష్టి లింగముపై గాక నొప్పిపై నిలుచును.

ఇంకొక సంగతి తల్లులు గమనింపదగినది. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము రక్తహీనులు. శాకాహారమునందలి ఇనుము దేహమునకు సులువుగా పట్టదు. ఆకుకూర, పప్పులతోపాటు నిమ్మరసమో, ఉసిరికయో తినుట, భోజనము వెంటనే టీ త్రాగకుండుట ఉపకరించును. ఏడు దినములకు మించి స్రావమున్నను, గుడ్డ గంటకో రెండు గంటలకో మార్చవలసి వచ్చినను, కళ్ళు తిరిగి పడినను, నెలనెలకు నొప్పి పెరుగుచున్నను అది ఆసనములతో పోవునది కాదు. వైద్యురాలిని చూడవలెను. బిడ్డ సిగ్గుపడి చెప్పనిచో తల్లియే అడుగవలెను.

మఠములలోను పాఠశాలలలోను యోగము నేర్పు ఉపాధ్యాయులు చాలవరకు పురుషులు. తరగతి ఆరంభమున, ఎవరైనను ఏ దినమైనను వెనుక వరుసలో విశ్రాంతి ఆసనములు వేసికొనవచ్చునని అందరికిని ఒకేమారు చెప్పి, అచట నాలుగు కంబళ్ళు, దిండ్లు ఉంచినచో సరిపోవును. ఆ వరుసలోనికి వెళ్ళిన బాలికను పదిమందిలో కారణ మడుగరాదు.