ఖాళీ సీడీ, డీవీడీ కొనే ముందు: రేగోడ్ ఇళ్లకు పనికొచ్చే చిట్కాలు

అన్నీ ఫోన్లోనే ఉంటున్న రోజుల్లో డిస్కులతో పనేముందని అనిపిస్తుంది. కానీ రేగోడ్ లాంటి మండల కేంద్రంలో వీటి అవసరం ఇంకా తీరిపోలేదు. పాత పెళ్లి క్యాసెట్టును డీవీడీగా మార్పించాలన్నా, సంగారెడ్డిలోనో హైదరాబాదులోనో తీయించిన స్కానింగ్ సీడీకి కాపీ కావాలన్నా, భూమి తగాదాలో వీడియోను కోర్టుకు ఇవ్వాలన్నా ఖాళీ డిస్కు కొనాల్సిందే. పోతే మళ్లీ తెచ్చుకోలేని సరుకు వీటిలో ఉంటుంది. డిస్కు దగ్గర ఐదో పదో మిగుల్చుకోవడం తెలివైన పని కాదు.

1. డబ్బా మీది పేరును నమ్మి కొనకండి. చాలా బ్రాండ్లకు సొంత ఫ్యాక్టరీ ఉండదు. ఎవరో తయారు చేసిన డిస్కు మీద తమ పేరు అచ్చు వేయించుకుంటారు. ప్రతి డిస్కు లోపలా ఒక కోడు ఉంటుంది. ఇమ్గ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, రైటర్‌లో ఖాళీ డిస్కు పెడితే కుడివైపు ఆ కోడు కనిపిస్తుంది. అది 'ఎంసీసీ' అని మొదలైతే మిత్సుబిషి కెమికల్ వాళ్లది, 'సీఎంసీ మ్యాగ్' అని ఉంటే తైవాన్‌కు చెందిన సీఎంసీ మాగ్నెటిక్స్‌ది, 'ఎంబీఐ' అని ఉంటే మన దేశపు మోసర్ బేర్‌ది. మిత్సుబిషి వాళ్ల వెర్బాటిమ్ డిస్కుల వ్యాపారాన్ని సీఎంసీ 2019లో కొనేసింది. కాబట్టి పాత పేరు చూసి సరిపెట్టుకోకుండా, ఇప్పుడు చేతికొచ్చిన డబ్బాను పరీక్షించే వాడండి.

2. పాత సరుకు విషయంలో జాగ్రత్త. మోసర్ బేర్ ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద డిస్కు తయారీ కంపెనీల్లో ఒకటి. 28 రూపాయలకు సినిమా వీసీడీ, 34కు డీవీడీ అమ్మి ఇంటింటికీ చేరింది. ఆ కంపెనీని మూసేసి ఆస్తులు అమ్మాలని 2018లో కంపెనీ లా ట్రిబ్యునల్ ఆదేశించింది. కాబట్టి ఇప్పుడు ఆ పేరుతో దొరికే డబ్బా పాతదే కావచ్చు. ఎంత మంచి పేరున్న సరుకైనా ఏళ్ల తరబడి గోదాములో ఎండకు ఉడికి ఉంటే లాభం లేదు. రాయని డిస్కులోని రంగు పొర కూడా వేడికి పాడవుతుంది. డబ్బా మీద తయారీ తేదీ ఉందో లేదో చూడండి. అద్దాల షోకేసులో ఎండ తగిలేచోట పెట్టిన డబ్బా వద్దని చెప్పి, లోపలున్నది ఇమ్మనండి.

3. ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకుని చూడండి. డీవీడీ కింది వైపు ఊదారంగు అంతటా ఒకే తీరుగా ఉండాలి. అంచు దగ్గర మచ్చలు, అలలు, బుడగలు కనిపిస్తే ఆ డబ్బా తిరిగి ఇచ్చేయండి. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల రెండు పలకలను జిగురుతో అతికించిన వస్తువు. ఆ అతుకు ముందుగా ఊడేది అంచు దగ్గరే.

4. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో కొంటే రకాలు ఎక్కువ దొరుకుతాయి. అంత దూరం వెళ్లాం కదా అని 50 డిస్కుల డబ్బాలు నాలుగైదు తెచ్చేయకండి. ముందు చిన్న ప్యాకెట్ తెచ్చి, రాసి చూసి, బాగుంటే అప్పుడు పెద్ద డబ్బా కొనండి.

5. దాచుకోవాల్సిన దానికి, చెరిపి మళ్లీ రాసే 'ఆర్‌డబ్ల్యూ' రకం వద్దు. పాత ప్లేయర్లో చూడాల్సిన వీడియోకి 'డీవీడీ మైనస్ ఆర్' ఎక్కువగా సర్దుకుంటుంది.

6. డిస్కును నిండా నింపకండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. డబ్బా మీద 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటర్ లెక్కలో అది సుమారు 4.37 జీబీ. రాయడం లోపలి నుంచి మొదలై అంచు దగ్గర ముగుస్తుంది. రంగు పొర నాణ్యత తగ్గేది, వేళ్లు తగిలేది, గీతలు పడేది కూడా అంచునే. పెళ్లి డీవీడీలో జీలకర్ర బెల్లం, తలంబ్రాలు చక్కగా ఆడి, అప్పగింతలు వచ్చేసరికి బొమ్మ బిగుసుకుపోయేది అందుకే. పెళ్లికూతురు కన్నీళ్లు పెట్టుకున్న ఆ నాలుగు నిమిషాలే ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ చూడాలనుకునేది. 4 జీబీ దగ్గర ఆపి, మిగతాది రెండో డిస్కులో వేయించండి. స్టూడియో వాళ్లు ఒక్క డిస్కులో కుక్కేస్తామంటే ఒప్పుకోవద్దు.

7. 16ఎక్స్ అని రాసి ఉన్న డిస్కును 8ఎక్స్‌లో రాయండి. మరీ 1ఎక్స్‌కు దించినా మేలు జరగదు. ఈ డిస్కుల రంగు పొరను పెద్ద వేగాలకు తగ్గట్టుగా తయారు చేస్తారు.

8. రాసేటప్పుడు కరెంటు పోతే ఆ డిస్కు పోయినట్లే. రైటర్‌లోని రక్షణ ఏర్పాటు డేటా రావడం ఆలస్యమైతే ఆదుకుంటుంది కానీ కరెంటు కోతకు పనిచేయదు. యూపీఎస్ లేని ఇంట్లో బ్యాటరీ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్ వాడండి.

9. రాయడం అయ్యాక 'వెరిఫై' తప్పకుండా చేయించండి. ట్రే బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లి, రాసినదంతా మొదటి నుంచి చదివి సరిపోల్చుకుంటుంది. కొద్ది నిమిషాలు ఎక్కువ పడుతుందని స్టూడియోల్లో దీన్ని వదిలేస్తుంటారు. మీరు పక్కనే కూర్చుని అడిగి చేయించుకోండి. తర్వాత ఇంకో కంప్యూటర్‌లో వేసి, చివరి పది నిమిషాలు నడిపి చూడండి.

10. ఫోన్‌లోని వీడియోను ఉన్నదున్నట్టు డిస్కులోకి కాపీ చేస్తే పాత డీవీడీ ప్లేయర్‌ చాలాసార్లు దాన్ని గుర్తించదు. డీవీడీ వీడియోగా మార్చి, మన దేశపు పాల్ పద్ధతిలో, సెకనుకు 25 ఫ్రేములతో రాయించాలి.

11. కోర్టు పని అయితే మరింత శ్రద్ధ కావాలి. భారతీయ సాక్ష్య అధినియమ్ 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. దాని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో, ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ విలువ రాయాలి. ఫైలులో ఒక్క బిట్ తేడా వచ్చినా ఆ విలువ మారిపోతుంది. విండోస్ ఈ డిస్కును ఎలా వాడతారని అడిగినప్పుడు యూఎస్‌బీ డ్రైవ్‌లా అన్నది కాకుండా సీడీ, డీవీడీ ప్లేయర్‌తో అన్నదాన్ని ఎంచుకోండి. మొదటిది ఎంచుకుంటే ఫైళ్లు తర్వాత కలపడానికి, తీసేయడానికి వీలుంటుంది. డిస్కులు రెండు రాసి, ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. ఫోన్‌లోని అసలు ఫైలును చెరపకండి, ఫోన్‌ను కూడా అమ్మేయకండి.

12. సీడీకి పై వైపే ఎక్కువ ప్రమాదం. కింద 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంటుంది గానీ పైన అద్దం పొర మీద ఉన్నది పలచని వార్నిష్ పూత మాత్రమే. బాల్‌పెన్నుతో పేరు రాస్తే లోపలి డేటా మీదే గీసినట్టు. నీళ్ల సిరా మార్కర్‌తో, మధ్య రంధ్రం చుట్టూ ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తేదీ, పేరు రాయండి. కాగితం లేబుల్ అతికించవద్దు, గిర్రున తిరిగేటప్పుడు డిస్కు తూకం తప్పుతుంది. మురికి పడితే మెత్తని నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు.

13. రేకుల ఇల్లయితే అటక మీద, టీవీ వెనక పెట్టకండి. మన ఎండాకాలపు వేడికి ప్లాస్టిక్ కవర్లు డిస్కుకు అంటుకుంటాయి. గట్టి డబ్బాల్లో నిలబెట్టి, బీరువా కింది అరలో ఉంచండి.

14. ఈ సరుకు రోజురోజుకూ తగ్గుతోంది. మంచి డిస్కులకు పేరుపడ్డ జపాన్ కంపెనీ తైయో యూడెన్ 2015తో ఈ వ్యాపారం మానేసింది. రికార్డు చేసే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. అందుకే ఇంట్లో ఉన్న పాత డిస్కులను ఈ ఏడే కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి ఒక హార్డ్‌డిస్కులోకి ఎక్కించండి. చనిపోయినవారి గొంతు, రూపం ఉన్నవాటితో మొదలుపెట్టండి. ఆ తర్వాత స్కానింగ్ సీడీలు, ఆ తర్వాత పెళ్లిళ్లు. ఎక్కడైనా చదవనని మొరాయిస్తే ఆ డిస్కును పారేయకండి. శుభ్రంగా తుడిచి వేరే కంపెనీ డ్రైవ్‌లో పెట్టి చూడండి, ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదివిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.