చీకటి గదిలో సాధన

1961లో న్యూయార్క్‌లో, ఒక చర్చి భవనంలోని జాన్ హుస్ ప్లేహౌస్‌లో రవీంద్రుడి నాటకం ‘ది కింగ్ ఆఫ్ ది డార్క్ చాంబర్’ ఆడింది. రాణి సుదర్శన వేషం కట్టింది రాజమండ్రి ఆడపడుచు, టంగుటూరి సూర్యకుమారి. ఆ రాణి రాజును చీకటి గదిలోనే కలుస్తుంది. వెలుగులో కనిపించమని పట్టుబడుతుంది, ఎవరినో చూసి రాజనుకుని మోసపోతుంది, గర్వం కరిగాకే ఆయన దగ్గరికి చేరుతుంది. కనిపించనివాడిని నమ్మడమే ఆ కథంతా. ఆ పాత్రకు ఆమె ఔటర్ క్రిటిక్స్ సర్కిల్ పురస్కారం అందుకుంది.

ఆ వేదిక ఒక్కరోజులో దక్కలేదు. 1925లో పుట్టిన సూర్యకుమారి పన్నెండేళ్ల ప్రాయంలోనే ‘విప్రనారాయణ’ సినిమాలో తెర మీద కనిపించింది. భక్తిగీతాలు, దేశభక్తి గీతాలు పాడింది. ‘మా తెలుగు తల్లికి’ పాటను రికార్డు మీద ఇంటింటికీ చేర్చింది ఆమె గొంతే. ఆ పాట 1975లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది. అప్పటికి ఆమె లండన్‌లో స్థిరపడి, అక్కడివాళ్లకు మన కళలు నేర్పుతోంది.

అమెరికాలో ఎథెల్ వాటర్స్ దారీ ఇలాంటిదే. బ్రాడ్వే నాటకాల్లో పేరు తెచ్చుకున్న ఆ గాయని 1957లో బిల్లీ గ్రాహం సువార్త సభల్లో గాయక బృందంతో కలిసి నిలబడింది. చివరి దాకా ఆ సభల్లో పాడుతూనే ఉంది.

మరి ఇప్పటివాళ్ల సంగతి? పల్లవి పట్టుబడకముందే వీడియో పెట్టేస్తారు. ఎన్ని లైకులొచ్చాయని గంటకోసారి చూసుకుంటారు. రాకపోతే పాటే మానేస్తారు. ఇది కళ మీద ప్రేమ కాదు, చప్పట్ల మీద ఆకలి.

ఈ వ్యాసకర్తదీ ఆ జబ్బే. తొమ్మిదో తరగతిలో భజన పోటీలో రెండో చరణం మరిచిపోయి, ఏడుస్తూ వేదిక దిగిన మనిషి. ఆ తర్వాత పదిహేనేళ్లు నలుగురిలో నోరు విప్పలేదు.

మందు దొరికింది రాజమండ్రి కోటిలింగాల రేవులో. తెల్లవారకముందే, మసక చీకట్లో, ఫోను ఇంట్లో వదిలేసి మెట్ల మీద కూర్చోవడం. ఒక్కటే కీర్తన, మొదటి నుంచి చివరి దాకా. తప్పు దొర్లినా ఆగకూడదు, మళ్లీ ఎత్తుకోకూడదు, పూర్తి చేయాల్సిందే. వినేది గోదావరి, ఆ పైన దేవుడు. మొదటి నెల గొంతు పెగల్లేదు. మూడో నెలకి, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరో వింటున్నారన్న ధైర్యం వచ్చింది. రేవు లేని ఊళ్లో డాబా చాలు, పంట కాలువ గట్టు చాలు. చర్చికి వెళ్లేవాళ్లకు కీర్తన, మసీదుకు వెళ్లేవాళ్లకు ప్రవక్తను కీర్తించే నాత్. పాట ఏదైనా సరే, ఇరవై నిమిషాలకు తగ్గకూడదు.

1993లో మనస్తత్వవేత్త ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థులను పరిశీలించినప్పుడు కూడా, మేటివాళ్లు ఒంటరి సాధనకు ఎక్కువ గంటలు ఇచ్చారని తేలింది.

మిగతావి అందరికీ తెలిసినవే. నిద్ర చెడగొట్టుకోకూడదు, గొంతు ఎండనివ్వకూడదు, పాట అర్థం తెలుసుకోవాలి, పెద్దలు తప్పు చెబితే ముఖం ముడుచుకోకూడదు.

మొన్న కార్తీకంలో ఒక గుడి మంటపంలో, తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన ఆ పాటనే ఈ వ్యాసకర్త పాడాడు. రెండో చరణం దగ్గర గొంతు వణికింది. అయినా ఆగలేదు. దిగి వస్తుంటే ఒక మామ్మగారు చెయ్యి పట్టుకుని, మూడో చరణం ఇంకోసారి పాడమన్నారు.