బండి ఆపేది బ్రేకు ఒక్కటేనా?



ఎనిమిదో తరగతి పాఠాల్లో ‘ఘర్షణ’ ఒకటి. మన ఖిల్లా గుట్ట ఎక్కేటప్పుడు కాలు వెనక్కి జారకుండా ఆపేది ఇదే.

పిల్లలతో ఇంట్లో ఇలా చేయించండి. ఎగ్జామ్ ప్యాడ్ మీద రబ్బరు చెప్పు పెట్టి ఒక అంచును మెల్లగా పైకెత్తాలి. జారడం మొదలైన ఎత్తును స్కేలుతో కొలవాలి. తర్వాత ఖాళీ స్టీలు టిఫిన్ బాక్సు పెట్టండి. ఇది ముందే జారుతుంది. అందులో బియ్యం నింపినా దాదాపు అదే ఎత్తులో జారుతుంది. బరువుతో ఘర్షణ పెరుగుతుంది, కిందికి లాగే బలమూ అంతే పెరుగుతుంది. తేడా తెచ్చేది తాకే ఉపరితలాలే.

బైకూ అంతే. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, బండిని ఆపేది రోడ్డుకూ టైరుకూ మధ్య ఘర్షణే. గంటకు 40 కి.మీ. వేగంలో బ్రేకు పడ్డాక, ఘర్షణ గుణకం 0.7 ఉన్న పొడి రోడ్డుపై ఆగడానికి సుమారు 9 మీటర్లు కావాలి. వానకు తడిసి గుణకం సగమైతే 18 మీటర్లు. టైరు మీది గాడులు నీటిని పక్కకు తోస్తాయి. అవి అరిగిపోతే ఆ పని జరగదు.

ఈ ఆదివారం మీ బండి టైర్లను పిల్లల చేత పరీక్ష చేయించండి. అరిగితే వానల్లోపే మార్పించండి. వెనక సీటులో కూర్చునేది వాళ్లే కదా!