గోపురము కట్టక మునుపు
ఉద్యోగము విడిచి నర్సు చదువు చదువగోరు వారికొరకు ఒక పాఠము

పాఠ్యభాగము: లూకా 14:28–30



హైదరాబాదునకు పడమటి కొనయందు ముంబయి రహదారిమీద మియాపూర్ ఉన్నది. 2017 నవంబరు 28న హైదరాబాదు మెట్రో రైలు ప్రారంభోత్సవము జరిగినది ఇక్కడనే. జహీరాబాదు, సంగారెడ్డి, మెదకు గ్రామములనుండి వెళ్లిన మన పిల్లలు కొందరు ఈ ప్రాంతపు హాస్టళ్లలో నివసించుచు హైటెక్ సిటీ కంపెనీలలో పనిచేయుచున్నారు. వారు పంపు సొమ్ముతో ఇంటివద్ద తమ్ముని ఫీజు, తండ్రి మందులు, పొలము అప్పు గడచుచున్నవి. వారిలో కొందరికి ఉన్న ఉద్యోగము పోవుచున్నది. కొందరికి ఉద్యోగమున్నను, రోగుల సేవయందే మనస్సు నిలిచినది. "కంప్యూటరు పని మాని నర్సు చదువు చదివెదను, నాన్నా" అని కుమార్తె చెప్పినప్పుడు ఇంటిలో మొదట పుట్టు ప్రశ్న ఒక్కటే: డబ్బు ఎక్కడనుండి వచ్చును?

గోపురము కట్టదలచినవాడు పునాది త్రవ్వకమునుపే ఖర్చు చూచుకొనవలెనని, లేనియెడల సగము లేచిన గోడను చూచి దారిన పోవువారు నవ్వుదురని ప్రభువు బోధించెను. లెక్క చూచుట అవిశ్వాసము కాదు. పిలుపును గౌరవించువాడే లెక్క చూచును. కావున ఈ నెల ఈ లెక్కను మెట్టుమెట్టుగా నేర్చుకొందము.

1. ఏ మెట్టునుండి ఎక్కవలెను?

అమెరికాలో వేరొక డిగ్రీ గలవారు ఏడాది, ఏడాదిన్నర కాలములో నర్సింగు డిగ్రీ ముగించు కోర్సులు కలవు. మన దేశములో అట్టి దగ్గరిదారి లేదు. ఎం.ఎస్సీ. నర్సింగులో చేరుటకు ముందుగా నర్సింగులో బి.ఎస్సీ. పొంది, నర్సుగా రిజిస్టరై, ఒక సంవత్సరము అనుభవము సంపాదించి యుండవలెను. కనుక బి.టెక్. గాని బి.కాం. గాని చదివినవారు మొదటి మెట్టునుండియే ఎక్కవలెను. నేరుగా ఎం.ఎస్సీ.లో చేర్చెదనని చెప్పి డబ్బడుగు దళారి మాట నమ్మవద్దు.

మొదటి మెట్లు రెండున్నవి. ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివినవారికి నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగు కలదు. జీవశాస్త్రము చదువని ఎం.పి.సి. వారికి అది దొరకదు. మూడేండ్ల జి.ఎన్.ఎం. కోర్సుకు మాత్రము ఇతర గ్రూపులవారిని కూడ తీసికొందురు. భారత నర్సింగు కౌన్సిలు నిబంధనలలో దానికి 17 మొదలు 35 ఏండ్ల వయస్సు చెప్పబడినది. అది ముగించి రిజిస్టరైన తరువాత రెండేండ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చదువవచ్చును. ఇవి పగటి చదువులు. వార్డులలో డ్యూటీలు చేయవలసియుండును గనుక కంపెనీ ఉద్యోగము చేసికొనుచు చదువుట సాధ్యము కాదు.

2. ఫీజు రసీదులో కనబడని ఖర్చు

ఫీజు, హాస్టలు, యూనిఫారము, పుస్తకములు అందరికిని తెలిసినవే. అంతకన్న పెద్ద ఖర్చు ఆగిపోవు జీతము. నెలకు 25,000 రూపాయలు వచ్చుచున్నవనుకొందము. నాలుగేండ్లకు 48 నెలలు. అనగా 12 లక్షలు. మూడేండ్లకైనను 9 లక్షలు. ఈ సొమ్ములో ఇంటికి చేరుచున్న భాగమెంత? అది నిలిచిపోయిననాడు ఆ భారమును మోయువారెవరు? రాజీనామా ఇచ్చుటకు ముందే తలిదండ్రులు, బిడ్డలు కలిసి కాగితముమీద వ్రాసికొనవలసిన ప్రశ్నలివి. కుదువలో ఉన్న బంగారము విడిపించుకొని, కొంత సొమ్ము నిలువచేసికొని ఆ పిమ్మట ఉద్యోగము విడుచుట మేలు.

3. సొమ్ము వచ్చు మార్గములు

(అ) ప్రభుత్వ సీటు. అన్నిటికంటె చౌకయైన దారి ఇదియే. తెలంగాణ ప్రభుత్వము 2021లో తన కళాశాలల నర్సింగు విద్యార్థుల స్టైపెండును పెంచెను. బి.ఎస్సీ. మొదటి సంవత్సరమున నెలకు 5,000 రూపాయలు, నాల్గవ సంవత్సరమున 8,000 రూపాయలుగా నిర్ణయించెను. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గము దేశమంతట 157 ప్రభుత్వ నర్సింగు కళాశాలలకు అనుమతి ఇచ్చెను. ఒక ఏడు ఆగి పరీక్షకు సిద్ధపడి ఈ సీటు తెచ్చుకొనుట నష్టము కాదు. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు బి.సి.-సి వర్గమువారు. వారికి ఒక శాతము రిజర్వేషను కలదు. సర్టిఫికెట్టు ముందుగా తెచ్చుకొనుడి.

(ఆ) స్కాలర్‌షిప్పు. ఇక్కడ జాగ్రత్త కావలెను. ఒక డిగ్రీ ముగించి మరల అదే స్థాయి చదువులో చేరువారికి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు నిబంధనలు అడ్డువచ్చును. "సీటు వచ్చిన ప్రభుత్వమే కట్టును" అని తలంచి మోసపోవద్దు. సంక్షేమశాఖ కార్యాలయములో ముందే విచారింపుడి.

(ఇ) సేవకు బదులు చదువు. వేలూరులో ఐడా స్కడర్ దొరసాని 1909లో నర్సుల పాఠశాల స్థాపించెను. 1946లో అది డిగ్రీ ఇచ్చు కళాశాలయైనది. నేటికిని అక్కడ సంఘములు తమ అభ్యర్థులను సిఫారసు చేయు పద్ధతి కలదు. అట్లు చదివినవారు తరువాత మిషను ఆసుపత్రులలో నిర్ణీతకాలము సేవచేయుదురు. మన పాస్టరుగారిని అడిగి తెలిసికొనవచ్చును.

(ఈ) బ్యాంకు అప్పు. బ్యాంకుల మాదిరి విద్యాఋణ పథకములో 4 లక్షలవరకు మనము చేతినుండి వాటా పెట్టనక్కరలేదు. 7.5 లక్షలవరకు ఆస్తి తాకట్టు అక్కరలేదు. తల్లి గాని తండ్రి గాని తోడుగా సంతకము చేయుదురు. చదువు ముగిసిన ఒక సంవత్సరమునకు వాయిదాలు మొదలగును. 2015లో ప్రారంభమైన విద్యాలక్ష్మి పోర్టలు ద్వారా దరఖాస్తు పెట్టవచ్చును.

గ్రామములో దొరకు అప్పుతో దీనిని పోల్చి చూడుడి. ఏటేట 75,000 చొప్పున నాలుగేండ్లు 3 లక్షలు తీసికొని, చదువు ముగిసిన ఏడాదివరకు ఏమియు కట్టలేదనుకొందము. నూటికి ఏడాదికి 10 రూపాయల బారువడ్డీయైన 1,05,000 అగును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీయైన 2,52,000 అగును. అసలు ఒక్కటే, కాలము ఒక్కటే. తేడా మాత్రము దాదాపు లక్షన్నర! పొలము కాగితములు షావుకారు చేతిలో పెట్టకమునుపు ఈ లెక్క గుర్తు తెచ్చుకొనుడి.

4. ప్రయాసకు ఫలము కలదా?

కలదు. 2024 జనవరి 31న తెలంగాణ ప్రభుత్వము 6,956 మంది స్టాఫు నర్సులకు నియామక పత్రములిచ్చెను. అయినను అట్టి నియామకములు ప్రతి యేట రావు. ప్రైవేటు ఆసుపత్రిలో మొదటి జీతము విడిచివచ్చిన కంపెనీ జీతముకంటె తక్కువ కావచ్చును. దానితోనే వాయిదా కట్టగలిగినంత అప్పు మాత్రమే చేయవలెను. ఇదియే ఈ పాఠములోని ముఖ్యమైన కొలత.

లెక్క తప్పినయెడల గోపురము మానివేయవలెనని కాదు. చిన్నదిగా మొదలుపెట్టవచ్చును. ఒక ఏడు ఆగవచ్చును. నాలుగేండ్లకు బదులు మూడేండ్ల దారి ఎన్నుకొనవచ్చును. సంఘములోని ఇరువది ఇండ్లవారు నెలకు నూరేసి రూపాయలు కూడబెట్టినను ఒక బిడ్డ పుస్తకములకు, బస్సు ఖర్చులకు కొంత ఆసరా అగును.

కూటములో చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఊరినుండి నగరమునకు వెళ్లిన బిడ్డ జీతముమీద ఎందరు ఆధారపడియున్నారు? అది ఆగిన ఏమి చేయుదుము?
2. బై.పి.సి. చదివినవారికి, ఎం.పి.సి. చదివినవారికి నర్సింగులో దారులెట్లు వేరు?
3. వడ్డీ లెక్క, దరఖాస్తులు చదువురాని తలిదండ్రులకు వివరించి చెప్పగలవారు మన సంఘములో ఎవరున్నారు? వారిని ఈ నెలలోనే ఏర్పరచుదుమా?